విజిల్ ఎవరి మెళ్లో ఉండాలి

ఉచ్చ గురించి మాట్లాడాలంటే పెద్దమనుషులు గొంతు తగ్గిస్తారు. కండక్టరమ్మ తగ్గించే రకం కాదు. సగం జీవితం బస్సులో విజిల్ ఊదుతూ, వెనక మెట్టు మీద వేలాడేవాళ్ల మీద అరుస్తూ గడిపిన మనిషి. డిపోలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి కావాలని మేనేజరు గది ముందు బైఠాయించిన రోజున కూడా ‘కనీస సౌకర్యాలు’ లాంటి నాజూకు మాటలు వాడలేదు. "మీకొచ్చినట్టే మాకూ ఉచ్చొస్తుంది సార్" అంది. మేనేజరు మొహం కందగడ్డ అయింది. మరుగుదొడ్డి కట్టారు కూడా. కాకపోతే ఆమె రిటైరయ్యాక కట్టారు.

అలాంటి మనిషి మనవరాలికి డైపర్ మాన్పించే పని నెత్తినేసుకుంది.

మనవరాల్ని ఇంటిల్లిపాదీ పిడుగు అంటారు. ఇంకా మాటలు పూర్తిగా రాలేదు గానీ వచ్చిన నాలుగు మాటలతోనే ఇల్లు పీకి పందిరేస్తుంది. పాటీ మీద కూర్చోమంటే కూర్చునేది కాదు. బొమ్మలిచ్చారు, బతిమాలారు, భయపెట్టారు. చివరికి కండక్టరమ్మ పాత ట్రంకు పెట్టె తెరిచి తన ఇత్తడి విజిల్ బయటికి తీసింది. నల్లతాడుతో సహా మెళ్లో వేసుకుని, పిడుగుని పాటీ మీద కుదేసి, ఒక్కటి పొడుగ్గా ఊదింది.

"బండాగింది! దిగాలి దిగాలి దిగాలి!"

పిడుగు పకపకా నవ్వింది. ఆ నవ్వులో జారిపోయింది ఉచ్చ. కండక్టరమ్మ రెండు పొట్టి ఊదులు ఊది "రైట్ రైట్!" అంది. పిడుగు లేచి స్టీరింగు తిప్పుతున్నట్టు చేతులాడిస్తూ వంటింట్లోకి పరిగెత్తింది.

అప్పట్నుంచీ అదే పద్ధతి. నిద్ర లేవగానే ఓ విజిల్, తిన్నాక ఓ విజిల్, పడుకోబోయే ముందు ఓ విజిల్. విజిల్ మోగితే దిగుతుంది, లేకపోతే లేదు. ఇల్లు పొడిగా ఉంది. కండక్టరమ్మ మెడ నిటారుగా ఉంది.

"ఇంట్లో బాగానే ఉందమ్మా. బయట కూడా ఇదేనా?" అంది కూతురు.

"బయట మాత్రం? విజిల్ నా మెళ్లోనేగా ఉండేది."

"పిల్లల గదిలో నువ్వుండవుగా."

"అప్పటికి అలవాటైపోతుందిలేవే. నన్ను విసిగించకు."

పిల్లల గది అంటే కూతురు పనిచేసే బిస్కెట్ల ఫ్యాక్టరీలోది. పనివాళ్ల పిల్లల్ని పగలంతా చూసుకుంటారు, కానీ డైపర్ మానని పిల్లల్ని చేర్చుకోరు. కూతురు సెలవులన్నీ అయిపోయి ఆ వారమే ప్యాకింగ్ సెక్షన్లో మళ్లీ చేరింది. ఇటు కండక్టరమ్మ కూడా ఖాళీగా లేదు. రిటైరైన బస్సు కార్మికుల సంఘానికి ఆమెను అధ్యక్షురాల్ని చేశారు. ఊళ్లో ప్రతి పెద్ద బస్టాపులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి కావాలని పోరాటం మొదలెడుతున్నారు, మర్నాడే మొదటి మీటింగు. పిడుగుని పిల్లల గదిలో తీసుకోకపోతే తల్లీకూతుళ్లలో ఒకరు ఇంట్లో కూలబడాలి. అల్లుడు లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు. ఆయన్ని ఇంట్లో ఉండమని ఎవరూ అడగరు. ఎక్కడైనా అంతే కదా, అడిగేది ఆడవాళ్లనే.

"మధ్యాహ్నం భోజనాల వేళకి తీసుకురమ్మన్నారు. ఆ పూట చూసి, తడపకపోతే రేపట్నుంచి రానిస్తారట. పొడిగా తీసుకురా అమ్మా" అని మరీమరీ చెప్పి కూతురు డ్యూటీకెళ్లింది.

"తడిగా తేవడానికి నేనేమన్నా నీళ్ల ట్యాంకరు తోలుకొస్తున్నానా?" అని వెనకనుంచి అరిచింది కండక్టరమ్మ.

బయల్దేరే ముందు విజిల్ ఊదింది, పిడుగు దించింది. సంచిలో టవలు, నీళ్ల సీసా, రెండు జతల బట్టలు. డైపర్ పెట్టుకోలేదు. పెట్టుకుంటే ముందే ఓడిపోయినట్టని ఆమె లెక్క. మెళ్లో విజిల్ ఎలాగూ ఉంది.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పిడుగు ఒళ్లో నిలబడి కిటికీ చువ్వలు పట్టుకుని కనపడిన ప్రతి కుక్కకీ టాటా చెబుతోంది. స్టాపు దగ్గర పడింది. వెనకనున్న కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకుని పొడుగ్గా ఒక్కటి ఊదాడు.

కండక్టరమ్మ తొడ మీద వెచ్చగా తగిలింది.

ఏమిటా అని ఆమె కిందికి చూసేలోపే పిడుగు వెనక్కి తిరిగి, మొహం ఇంత చేసుకుని, "దిగాయ్ అమ్మమ్మా!" అంది.

పక్క సీటావిడ చీమ కుట్టినట్టు లేచి నిలబడింది. కండక్టరు వచ్చి సీటు చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఏంటమ్మా ఇది! సీటంతా పాడు చేశారు."

"నువ్వే కదయ్యా ఊదావు."

"నేనూదితే?"

"నువ్వూదావు, అది పోసింది."

"నేను బస్సాగడానికి ఊదానమ్మా!"

"అదీ అందుకే పోసింది" అంది కండక్టరమ్మ. ఆ మాట తన చెవిన పడ్డాక గానీ అందులో ఉన్న ఘోరం ఆమెకు తెలిసిరాలేదు. ఊరినిండా ఎన్ని విజిళ్లు! బస్సుల్లో విజిల్, బళ్లు పెట్టుకునే చోట విజిల్, కూడళ్లలో విజిల్. వాటి మధ్యే బతికిన మనిషి, ఇంట్లో నాలుగ్గోడల మధ్య విజిల్ ఊది బయట విజిళ్లుంటాయన్న సంగతే మర్చిపోయింది.

సీటు తనే తుడిచింది. డిపోలో బస్సులు కడిగేవాళ్ల కష్టం ఆమెకు తెలుసు. పిడుగుకి బట్టలు మార్చి, కండక్టరుతో గొంతు మెత్తబరిచింది.

"నాయనా, మేం దిగేదాకా ఊదకు. నోటితో చెప్పు. నేనూ నీలాంటిదాన్నే."

అతను ఆమె మెళ్లో విజిల్ చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, తర్వాత స్టాపులన్నిటికీ అరచేత్తో బస్సు ఒంటిమీద దబదబా బాదాడు. వాళ్లు దిగుతుంటే "జాగ్రత్తమ్మా, కూడలిలో పోలీసుంటాడు" అని నవ్వాడు కూడా.

పోలీసు ఉండనే ఉన్నాడు. ఆయన్ని దూరం నుంచే చూసి కండక్టరమ్మ పిడుగు చెవులు రెండూ మూసేసింది. రెండు చేతులూ పిల్ల చెవులకిస్తే పిల్ల చెయ్యి పట్టుకునేదెవరు? రోడ్డు సగం దాటారో లేదో పిడుగు గింజుకుని తల విడిపించుకుంది. అదే క్షణంలో ఎర్రలైటు దాటొచ్చిన కారు మీద కానిస్టేబులు కోపంగా, పొడుగ్గా ఊదాడు.

పిడుగు గౌను పైకెత్తి నడిరోడ్డు మీద కూర్చుంది.

అటు కార్లు ఆగాయి, ఇటు బళ్లు ఆగాయి. హారన్లు మోగాయి. కానిస్టేబులు పరిగెత్తుకొచ్చాడు.

"ఏమ్మా! రోడ్డు మధ్యలోనా ఆ పని?"

"మీరూదారు కదండీ."

"కారుకి ఊదాను!"

"దానికి కార్ల సంగతి తెలీదు. ఊదితే పొయ్యాలని తెలుసు."

"అలా నేర్పిన మహానుభావులెవరు?"

"నేనే" అంది కండక్టరమ్మ. అంత పొట్టి జవాబు ఆమె నోటినుంచి ఎప్పుడూ వచ్చి ఉండదు.

కానిస్టేబులు ఏదో అనబోయి పిడుగు వంక చూశాడు. పిడుగు ఆయన వంక చూస్తోంది. పని అయిపోయింది, లేవడం లేదు.

"ఇంకా ఏంటమ్మా? లేపండి! బళ్లన్నీ ఆగిపోయాయి."

"రెండు పొట్టివి ఊదండి, లేస్తుంది. ఆపింది మీరు కాబట్టి మీరే ఊదాలి. నేనూదితే వినదు."

ఆయన అటూ ఇటూ చూశాడు. పై అధికారులెవరూ లేరని రూఢి చేసుకుని రెండు పొట్టి ఊదులు ఊదాడు. "లైట్ లైట్!" అంటూ పిడుగు లేచి, స్టీరింగు తిప్పుకుంటూ ఫుట్‌పాత్ ఎక్కేసింది. కానిస్టేబులు మీసం కింద నవ్వు దాచుకోలేకపోయాడు.

కండక్టరమ్మకి నవ్వు రాలేదు. మూసి ఉన్న ఓ దుకాణం గట్టు మీద కూర్చుని రెండో జత మార్చింది. సంచిలో ఇక తడిబట్టలే ఉన్నాయి. ఫ్యాక్టరీకి ఇంకా కొన్ని వీధులు నడవాలి. అక్కడ కూతురు గోడ గడియారం వంక చూస్తూ పెట్టెలు సర్దుతుంటుంది.

విజిల్ తీసి సంచిలో పడేద్దామనుకుంది. ఏం లాభం? తన విజిల్ దాస్తుంది సరే, ఊరి విజిళ్లన్నీ దాచగలదా? ఇన్నాళ్లూ ఈ పిల్లకి నేర్పింది ఏమిటి? మాట వినడం. ఎవడు ఊదితే వాడి మాట. లోపల బరువుందా లేదా అని పిల్లని ఒక్కసారైనా అడిగిందా? కండక్టరమ్మకి ఒళ్లు మండింది, తన మీదే. ఉద్యోగం చేసినన్నాళ్లూ డ్యూటీ చార్టులో ఎక్కడ ఆగమని రాసుంటే అక్కడే ఆమెకు ఉచ్చ రావాలి, రాయనిచోట పళ్ల బిగువున ఆపుకోవాలి. నీళ్లు తాగడమే మానేసి, నడుం నొప్పులు తెచ్చుకుని, చివరికి మేనేజరు గది ముందు కూర్చుంది. తీరా ఇంటికొచ్చి మనవరాలికి తనే మేనేజరైంది!

పిడుగు తాడు పట్టుకుని లాగుతోంది. "నాకీ! నేనూతా!"

ఇంకోరోజైతే "తప్పు, వదులు" అనేది. ఇప్పుడు తాడు తల మీంచి తీసి, ముడేసి పొట్టిచేసి, పిడుగు మెళ్లో వేసింది.

"ఊదు. కానీ ఊరికే కాదు. ఇదిగో, ఇక్కడ" అని బొడ్డు కింద వేలితో నొక్కింది. "ఇక్కడ ప్యాసింజర్లు ఎక్కుతారు. నిండిపోయారనుకో, బరువుగా ఉంటుంది. అప్పుడు ఊదు."

"ఊతా."

"ఊదగానే దిగిపోవచ్చా?"

పిడుగు ఆలోచించింది. బస్సాట వాళ్లిద్దరూ రోజూ ఆడేదే.

"బండాగాలి."

"ఆఁ! బండాగాలి. ఎక్కడాపాలో అమ్మమ్మ చూస్తుంది. ఆగేదాకా ఒక్క ప్యాసింజరు కూడా దిగకూడదు. తోసుకోకూడదు."

"దిగితే తంతా" అంది పిడుగు, బొడ్డు వంక చూసి గట్టిగా.

నడిచారు. సినిమా హాలు పక్కన బళ్లు సర్దేవాడు ఎవరి మీదో ఊదాడు. కండక్టరమ్మ టక్కున ఆగింది. పిడుగు కూడా ఆగింది. మోకాళ్లు కొంచెం వంగాయి. చెయ్యి గుండెల మీదికెళ్లి తన విజిల్‌ని పట్టుకుంది. చూసింది. నోట్లో లేదు.

"అది నాది కాదు" అంది. మోకాళ్లు నిటారు చేసుకుని నడిచింది.

కండక్టరమ్మకి ఆ బళ్లు సర్దేవాణ్ణి ముద్దు పెట్టుకోవాలనిపించింది.

రెండు సందులు దాటాక, అద్దాల తలుపుల బట్టల షాపు ముందు పిడుగు బుగ్గలు పూరించి ఊదింది. పావురాలు ఎగిరిపోయాయి. కండక్టరమ్మ పిల్లని చంకనేసుకుని మెట్లెక్కింది. గుమ్మంలో గార్డు చెయ్యడ్డం పెట్టాడు.

"టాయిలెట్ కస్టమర్లకేనమ్మా."

"అలాగా. రేటు చెప్పు. చేతిరుమాలు కొంటే ఎంతసేపు పోసుకోవచ్చు? చొక్కా కొంటే ఎంతసేపు?"

"అమ్మా, అది రూలు. మీరు గట్టిగా అరవకండి."

"గట్టిగానా? నేనింకా మొదలే పెట్టలేదు నాయనా. పసిపిల్ల తన నోటితో తను చెప్పింది మొదటిసారి. ఆ చెప్పిన నోరు మూయించాలనుంటే అడ్డం నిలబడు. లేకపోతే తప్పుకో."

గార్డు లోపలికి చూశాడు, యజమాని కనపడతాడేమోనని. ఈలోగా పిడుగు అతని మొహం మీదే ఇంకోసారి ఊదింది. అతను చెవిలో వేలు పెట్టుకుని పక్కకి జరిగాడు.

"వెనకాల, మెట్ల కింద. తొందరగా వచ్చెయ్యండి."

మెట్ల కింద గది ఇరుకు. గొళ్లెం పెట్టి కండక్టరమ్మ వంగేసరికి పిడుగు తల అడ్డంగా ఊపింది.

"అమ్మమ్మ ముందు."

"నాకెందుకే?"

"అమ్మమ్మకి బరువు."

పొద్దుట్నుంచీ బరువే. ఇంటినుంచి బయల్దేరేప్పుడే ఉంది. బయట ఆపుకోవడం ఎంత అలవాటంటే, ఉన్న సంగతే ఆమె గమనించలేదు. కూర్చుంది. పిడుగు ఎదురుగా నిలబడి, డ్యూటీలో ఉన్న మనిషి మొహం పెట్టుకుని పొడుగ్గా ఊదింది.

"బండాగింది! దిగాలి దిగాలి!"

కండక్టరమ్మ నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అన్నేళ్ల ఉద్యోగంలో ఆమె ఎందరికోసమో విజిల్ ఊదింది. ఆమె కోసం ఊదినవాళ్లు మాత్రం ఇవాళ్టిదాకా లేరు.

తర్వాత పిడుగు వంతు. తనే కూర్చుంది, తనే ఊదుకుంది, తనే దింపుకుంది. రెండు పొట్టివి కూడా తనే. బయటికొచ్చాక గార్డుకి టాటా చెప్పింది. అతను కూడా, ఎవరూ చూడకుండా, చెయ్యి ఊపాడు.

ఫ్యాక్టరీ గేటు దాటగానే వేడి బిస్కెట్ల వాసన. పిల్లల గది టీచరు గుమ్మంలోనే నిలబడి ఉంది. కోపిష్టి కాదు గానీ గట్టి మనిషి. ముందు పిడుగు గౌను తడిమి చూసింది. పొడిగా ఉంది. తర్వాత విజిల్ చూసింది.

"ఇది కుదరదండీ. పిల్లలు పడుకునే చోటు."

"విజిల్ లేకపోతే పిల్ల చెప్పలేదు."

"నోరుంది కదా?"

"మీకూ నోరుంది. గంట ఎందుకు కొడతారు?"

టీచరు గోడకున్న గంట వంక చూసింది. "మెళ్లో తాడు మాత్రం వద్దు. పిల్లలు లాక్కుంటే మెడకి బిగుసుకుంటుంది."

కండక్టరమ్మ వాదనకి నోరు తెరిచింది. ఆ మాట నిజమే. మూసుకుంది. తాడు విప్పి, విజిల్ పిడుగు గౌను జేబులో వేసి, పైనుంచి ఓసారి తట్టింది. టీచరు పిల్లని లోపలికి తీసుకుని తలుపేసింది.

గేటు పక్కన వాచ్‌మన్ బల్ల మీద కూర్చుంది. కూతురు టీ విరామంలో తలకి కట్టిన గుడ్డ కూడా విప్పకుండా పరిగెత్తుకొచ్చింది.

"పొడిగానే తెచ్చావా?"

"తెచ్చాను."

"దారిలో ఏం కాలేదుగా?"

కండక్టరమ్మ తడిబట్టల సంచి తెరిచి చూపించింది. బస్సు సంగతి చెప్పింది, కూడలి సంగతి చెప్పింది. కూతురు ముందు నోరెళ్లబెట్టింది, తర్వాత నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకుంది.

"పోలీసుతో విజిల్ ఊదించావా? అమ్మా, నిన్ను ఇంట్లో కట్టెయ్యాలి!"

"కట్టేద్దువు గాని. సాయంత్రం దాకా ఆగు, కట్టేసేది నిన్నో నన్నో తేలుతుంది."

ఆ మాటకి కూతురి నవ్వు ఆగిపోయింది. పిల్లల గది కిటికీ వంక చూసింది. కిటికీ ఎత్తులో ఉంది, లోపలేమీ కనపడదు. విరామం అయిపోయి వెళ్లిపోయింది.

పిండి లారీ ఒకటి వచ్చి గేటు ముందు ఆగింది. వాచ్‌మన్ లేచి, దాన్ని వెనక్కి రప్పించడానికి వెనక చక్రాల దగ్గర నిలబడి, విజిల్ తీశాడు. కండక్టరమ్మకి ఆ సంగతి తట్టేలోపే పొడుగ్గా ఊదేశాడు.

"ఊదకయ్యా!"

"ఏమైందమ్మా?" వాచ్‌మన్ బిత్తరపోయాడు.

ఆమె చెయ్యెత్తి ఆగమంది. చెవులు కిటికీకి అప్పగించింది. ‘అయ్యో, తడిపేసిందండీ’ అన్న కేక కోసం చూసింది. రాలేదు. పిల్లల గోల యథాప్రకారం ఉంది. ఆ గోలలోంచి ఓ గొంతు, అందరికీ పాఠం చెబుతున్నట్టు వినిపించింది.

"అది లాలీది. నాది కాదు."

కండక్టరమ్మ బల్ల మీద కూలబడింది. లారీ డ్రైవరు తల బయటపెట్టి "ఏంటన్నా, రానా వద్దా?" అని అరిచాడు. వాచ్‌మన్ ఈ ముసలామె పిచ్చిదో ఏమిటోనని విజిల్ చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

అప్పుడు లోపల్నుంచి వినిపించింది. పొడుగ్గా ఒకటి. గుర్తుపట్టలేకపోవడమేమిటి, ఆ ఇత్తడి గొంతు ఆమెదే. చిన్న పాదాలు టపటపా పరిగెత్తిన చప్పుడు. వెనకే టీచరు చెప్పుల చప్పుడు. తలుపు. తర్వాత ఏమీ లేదు. కండక్టరమ్మ చెంగు కొస నోట్లో కుక్కుకుంది.

రెండు పొట్టివి.

"రైట్ రైట్!" అంది కండక్టరమ్మ, వీధంతా వినపడేలా.

లారీ డ్రైవరు బ్రేకు వదిలి బండిని వెనక్కి పోనిచ్చాడు. వాచ్‌మన్ "ఆపు, ఆపరా, చెప్పింది నేను కాదు!" అని మొత్తుకుంటూ బల్లని ఈవలకి లాగాడు. బల్ల మీదున్న కండక్టరమ్మ కూడా బల్లతోపాటే వచ్చింది, పొట్ట పట్టుకుని నవ్వుతూ.

కిటికీలో టీచరు తల కనపడింది. "రేపు పొద్దున్నే తీసుకొచ్చెయ్యండి. ఓ జత బట్టలెక్కువ పెట్టండి. ఆ విజిల్ కూడా పంపండి. ఇప్పటికే ఇక్కడ దానికోసం కొట్టుకుంటున్నారు."

కండక్టరమ్మ లేచి చెంగు దులుపుకుంది. పొద్దు ఇంకా చాలా ఉంది. వాచ్‌మన్ వైపు తిరిగింది.

"ఇక్కడ బయటివాళ్లకి మరుగుదొడ్డి ఎటు నాయనా?"

"బయటివాళ్లకి లేదమ్మా. నాకే లేదు. ఆ గోడవతలకి పోతాను."

"నీకూ లేదా?" ఆమె మళ్లీ బల్ల మీద కూర్చుంది. పక్కన చోటు చూపించింది. "రా, ఇలా కూర్చో. రేపు మా మీటింగుంది. ఆడవాళ్లకని పెట్టుకున్నాంలే, అయినా నువ్వూ రా."